డెక్ అతికించే ముందు ఒక్కసారి ఆగండి

పోయిన నెల ఈ శీర్షికలో కిట్ కొనుక్కుని తెరచాప పడవ బొమ్మ కట్టడం గురించి నాలుగు ముక్కలు రాశాను. నీళ్లలో నిజంగా గాలికి నడిచే పడవ గురించి, అల్మరాలో పెట్టుకునే దాని గురించి కాదు. వచ్చిన ఉత్తరాల్లో సగం రేడియో, అంటే ఒడ్డున నిలబడి పడవని నడిపే రిమోట్, పెట్టాలా వద్దా అని, మిగతా సగం జిగురు గురించి. అందుకని ఈసారి మొత్తం పడవలే. విమానాల వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మేం సియాటిల్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలోనే తయారయ్యే టీ37 అనే చెక్క పడవ కిట్ కొందామనుకుంటున్నాం. రేడియో కావాలంటే పెట్టుకోవచ్చు, లేకుండా కూడా నడుస్తుంది అంటున్నారు. ముందు రేడియో లేకుండా కట్టేసి, పిల్లకి సరదా నిలబడితే తర్వాత పెట్టుకోవచ్చా? నాకు వడ్రంగం రాదండీ, డబ్బాలో వచ్చిన బల్లలు బిగించడం వరకే నా అనుభవం.

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా విషయం అంతే. రేడియో ఎప్పుడు కొంటారన్నది మీ ఇష్టం, దానికి చోటు మాత్రం డెక్, అంటే పడవ పైకప్పు చెక్క, అతికించకముందే ఉండాలి. పేరులో 37 అంటే అంగుళాలే, అంటే దాదాపు 94 సెంటీమీటర్ల పడవ. ఇలాంటి ప్లైవుడ్ పడవల్లో పక్క చెక్కలు, అడుగు చెక్కలు కలిపి ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, అతికించి, లోపలంతా ఎపాక్సీ పూసి, చివర్లో పైన డెక్ మూసేస్తాం. మూశాక లోపలికి రెండు వేళ్లు పట్టే కన్నం తప్ప ఏమీ మిగలదు. నా మొదటి పడవకి నేను డెక్ మూసి, వార్నిష్ కూడా వేసి, రెండు రోజులు మురిసిపోయాక గుర్తొచ్చింది, చుక్కాని తిప్పే సర్వోకి, అంటే రేడియో చెప్పినట్టు తిరిగే చిన్న మోటారుకి, లోపల పీట బిగించలేదని. ఫోర్సెప్స్‌తో, అద్దం ముక్కతో, నానా తిట్లతో ఒక ఆదివారం మొత్తం పోయింది. చివరికి డెక్ కోశాను.

కాబట్టి డెక్ మూయకముందు ఇవి చేసేయండి. రెండు సర్వోలు కూర్చునేలా ప్లైవుడ్ పీట, కీల్‌కి, అంటే పడవ కిందికి దిగి ఉండే రెక్కకి, దగ్గరగా పొట్ట అడుగున బ్యాటరీ పెట్టే చోటు, మీ అరచెయ్యి దూరేంత మూత, తెరచాప తాడు పైకి రావడానికి ఒక సన్న గొట్టం, చుక్కాని కడ్డీకి ఇంకో గొట్టం. ఇవన్నీ పెట్టినా ఖర్చు పెద్దగా ఉండదు, బరువు కొన్ని గ్రాములే. తర్వాత రేడియో కొన్నా కొనకపోయినా నష్టం లేదు. ఇంకో చిన్న కిటుకు, రేడియో లేకుండా నడిపే రోజుల్లో ఆ సర్వోలు, రేడియో సంకేతం అందుకునే రిసీవర్, బ్యాటరీ ఎంత బరువుంటాయో అంత ఇసుక పొట్లం కట్టి అదే చోట పెట్టండి. పడవ నీళ్లలో ఎంత మునగాలో అంతే మునుగుతుంది, తర్వాత రేడియో పెట్టినప్పుడు దాని నడక మారదు.

ఇక అసలు సలహా. కనీసం నెల రోజులైనా రేడియో లేకుండానే నడిపించండి. ఇది డబ్బు పొదుపు కోసం చెప్పడం లేదు. గాలి తోపుకీ నీటి ఆపుకీ సరిగ్గా తూకం కుదిరిన పడవ చుక్కానిని నిటారుగా కట్టేసినా తన దారిన తాను పోతుంది. తూకం కుదరని పడవకి రేడియో పెడితే, మీరు ఒడ్డున నిలబడి చుక్కానితో దానితో కుస్తీ పడుతూనే ఉంటారు, చుక్కాని తిరిగిన ప్రతిసారీ అది నీళ్లకి బ్రేకులా పనిచేస్తుంది. రేడియో పడవని బాగుచెయ్యదు, దాని జబ్బుని కప్పెడుతుంది.

రేడియో లేకుండా ఎలా అంటారా. గాలి పక్క నుంచి వచ్చేలా చెరువు ఒడ్డు చూసుకోండి. వెనక పెద్ద తెరచాపని సగం వదలండి, ముందున్న చిన్న తెరచాపని, జిబ్ అంటారు, దాని కంటే కొంచెం బిగువుగా ఉంచండి. చుక్కాని నిటారు. మెల్లగా నీళ్లలో వదలండి, నెట్టకండి. అవతలి ఒడ్డున ఒక మనిషి ఉండాలి, అమ్మాయి ఇటు, మీరు అటు. మొదటి రోజు అది ఎక్కడ తేలుతుందో చెప్పలేం, పదోసారికి మీ అమ్మాయే తాళ్లు సవరించి "నాన్నా, ఆ బెంచీ దగ్గరికి వస్తుంది చూడు" అంటుంది. ప్యారిస్‌లో లక్సెంబర్గ్ తోటలోని ఎనిమిది పలకల కొలనులో పిల్లలు ఇప్పటికీ ఇలాగే కర్రతో తోసి పడవలు వదులుతారు, రేడియో గీడియో లేదు. మీ ఊళ్లో అయితే లేక్ యూనియన్ పార్కులో మోడల్ పడవల కోసమే ఓ కొలను ఉంది, వెతుక్కోనక్కర్లేదు.

వడ్రంగం రాకపోయినా ఫరవాలేదు. ముక్కలు ముందే కోసి ఇస్తారు. మీకు కావాల్సింది ఓపిక, గరుకు కాగితం, బట్టలారేసే క్లిప్పులు ఓ యాభై.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్, ఇంటర్ చదువుతున్నా. ఎగ్జిబిషన్‌లో మూడు తెరచాపల చెక్క ఓడ కొన్నా, చాలా బాగుంది. మానేరు డ్యామ్ దగ్గర నీళ్లలో పెట్టగానే పక్కకి పడిపోయింది, ఒక్కణ్ణే దిగి తెచ్చుకున్నా. అడుగున రాయి కట్టినా అంతే. నిజం ఓడ పడిపోదు కదా, దీనికేమైంది?

జవాబు: తమ్ముడూ, దానికేం కాలేదు, అది షోకేసు కోసం పుట్టింది. కానీ నీ ప్రశ్న మాత్రం ఈ నెల ఉత్తరాలన్నిట్లోకీ మంచి ప్రశ్న, ఎందుకంటే నిజం ఓడని అచ్చుగుద్దినట్టు చిన్నది చేస్తే అది నీళ్లలో నిలబడదు, ఎంత బాగా చేసినా సరే.

లెక్క చూడు. ఒక ఓడని పదో వంతు చేశామనుకో. తెరచాప పొడవు పదో వంతు, వెడల్పు పదో వంతు, అంటే వైశాల్యం వందో వంతు. గాలి తోపు కూడా వందో వంతు. ఆ తోపు పనిచేసే ఎత్తు పదో వంతు అయింది కాబట్టి ఓడని పక్కకి పడదోసే బలం వెయ్యో వంతు. ఇంతవరకు బాగానే ఉందా? ఇప్పుడు ఓడని నిలబెట్టేది దాని బరువు. పొడవు, వెడల్పు, లోతు మూడూ పదో వంతు అయితే బరువు వెయ్యో వంతు, అది పనిచేసే దూరం మళ్లీ పదో వంతు, మొత్తం పదివేలో వంతు. పడదోసే బలం వెయ్యో వంతుకి తగ్గితే, నిలబెట్టే బలం పదివేలో వంతుకి పడిపోయింది. అంటే అదే గాలికి నీ బొమ్మ ఓడ అసలు ఓడ కంటే పది రెట్లు సులువుగా ఒరుగుతుంది. గాలికి తెలియదు కదా అది బొమ్మ అని, గాలిని పదో వంతు చెయ్యలేం.

అందుకే నడిచే మోడల్ పడవలన్నీ చూడటానికి కొంచెం వింతగా ఉంటాయి, పొట్ట సన్నగా, కింద పొడవాటి కత్తిలాంటి కీల్, దాని చివర సీసపు గుండు. పోటీల్లో వాడే ఇంటర్నేషనల్ వన్ మీటర్ అనే తరగతి పడవ తీసుకో, పొడవు ఒక మీటరు, మొత్తం బరువు 4 కిలోలకి తగ్గకూడదు, అందులో కీల్, గుండు కలిపి 2.2 నుంచి 2.5 కిలోలు. సగానికి పైగా బరువు కిందే ఉందన్నమాట. నీటి మట్టం నుంచి గుండు అడుగు వరకు 42 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. నువ్వు కట్టిన రాయి ఓడ పొట్టకి ఆనుకుని ఉంది కాబట్టి బరువు పెరిగింది గానీ దూరం పెరగలేదు. ఒక అడుగు పొడవు స్టీలు పట్టీ బిగించి దాని చివర బరువు కట్టి చూడు. ఓడ అందం పోతుంది, కానీ పడిపోదు. అందమే కావాలంటే షోకేసులో పెట్టు, దాన్ని పాడుచెయ్యకు.

ఇంకో మాట, డ్యామ్ దగ్గర ఒంటరిగా దిగి పడవ తీసుకొచ్చావని రాశావు. ఆ పని మళ్లీ చెయ్యకు. టెన్నిస్ బంతికి చేపల గాలం తాడు కట్టి పడవ అవతలికి విసిరి లాక్కుంటారు, అందరూ అదే చేస్తారు. పడవ పోతే ఇంకోటి కట్టుకోవచ్చు.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. మే నెలలో ఎపాక్సీ కలిపాను, సీసా మీద ముప్పై నిమిషాలు అని ఉంది. పది నిమిషాలు కూడా కాలేదు, గ్లాసు పొగలు కక్కింది, చెయ్యి కాలింది. సరుకు నకిలీదా?

జవాబు: సరుకు మంచిదే అయి ఉంటుందండీ, నెల చెడ్డది. సీసా మీద రాసే టైము మామూలుగా 22, 25 డిగ్రీల గదికి చెప్తారు. వేడి పది డిగ్రీలు పెరిగితే టైము సుమారు సగమవుతుందని పనివాళ్ల లెక్క. మీ ఊళ్లో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. పైగా ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనకి తానే వేడి పుట్టిస్తుంది. గ్లాసు నిండా కలిపితే ఆ వేడి బయటికి పోయే దారి లేక ఇంకా వేగంగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి, అలా పొగలదాకా వెళ్తుంది. మళ్లీ అలా జరిగితే గ్లాసుని ఆరుబయట సిమెంటు మీద పెట్టి దూరంగా ఉండండి, పొగ పీల్చకండి, ప్లాస్టిక్ చెత్తబుట్టలో అసలు వెయ్యకండి.

తెల్లవారుజామున పని చేసుకోండి. ఒకసారికి ఇరవై, ముప్పై గ్రాములే కలపండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి ఒంపేయండి, పలచగా పరుచుకుంటే వేడి నిలవదు. కంపెనీ చెప్పిన పాళ్లు బరువు లెక్కనా, కొలత లెక్కనా అన్నది చూసుకోండి, ఈ రెండూ ఒకటి కావు, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. తొందరగా గట్టిపడాలని హార్డెనర్, అంటే జిగురుని గట్టిపరిచే రెండో ద్రవం, ఎక్కువ పోస్తే తొందరా పడదు, గట్టీ పడదు, నెల తర్వాత కూడా వేలు అంటుకుంటుంది. ఆవకాయలో ఉప్పులాగా చేతి అందాజు ఇక్కడ కుదరదు, నగల తూకం లాంటి చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి.

వానాకాలంలో ఇంకో తంటా, ఎండిన ఎపాక్సీ మీద మైనం రాసినట్టు జిడ్డు పొర వస్తుంది. దాని మీదే గరుకు కాగితం పెట్టి రుద్దితే కాగితం నిండా జిడ్డు, తర్వాత వేసిన పూత ఊడిపోతుంది. ముందు నీళ్లతో, అంట్లు తోమే స్క్రబ్బరుతో కడిగి, ఆరాక అప్పుడు రుద్దండి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. నాకేం కాలేదులే అనుకుంటూ ఏళ్ల తరబడి వట్టి చేతులతో చేసి, ఒక రోజు హఠాత్తుగా దద్దుర్లు మొదలైనవాళ్లు ఉన్నారు, ఒకసారి ఆ ఎలర్జీ మొదలైతే ఈ పనే మానుకోవాల్సి వస్తుంది. పడవ పూర్తయ్యాక పైన వార్నిష్ వెయ్యండి, వట్టి ఎపాక్సీని ఎండ పాడుచేస్తుంది.

ప్రశ్న: సర్, కాకినాడ. డ్రోన్లకి వాడిన రెండు మామూలు సర్వోలు ఉన్నాయి, వాటితోనే 80 సెంటీమీటర్ల పడవకి రేడియో పెట్టాను. చుక్కాని బాగా తిరుగుతోంది. తెరచాప మాత్రం కొంచెమే తెరుచుకుంటోంది, వెనక గాలికి పడవ కదలడం లేదు. వించ్, అంటే తాడు చుట్టే మోటారు, కొనాల్సిందేనా? సముద్రంలో వదలొచ్చా?

జవాబు: మీరు పంపిన ఫొటోలో సర్వో చెయ్యి 4 సెంటీమీటర్లు ఉంది, తాడు బూమ్‌కి, అంటే తెరచాప అడుగు కర్రకి, తెరచాప నిలువు కొయ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో కట్టారు. 4 సెంటీమీటర్ల చెయ్యి 90 డిగ్రీలు తిరిగితే తాడు కదిలేది ఐదున్నర సెంటీమీటర్లే. ఆ ఐదున్నరకి మీ బూమ్ 21 డిగ్రీలు తెరుచుకుంటుంది, అంతకు మించి తెరుచుకోదు. వెనక గాలికి దాదాపు 80 డిగ్రీలు కావాలి, దానికి 19 సెంటీమీటర్ల తాడు వదలాలి.

ఖర్చు లేని దారి, బూమ్ మీద తాడు కట్టే చోటుని కొయ్యకి దగ్గరగా జరపడం. 6 సెంటీమీటర్ల దగ్గర కడితే 55 డిగ్రీల దాకా వస్తుంది. కానీ అక్కడ లాగడానికి రెండున్నర రెట్లు బలం కావాలి, గట్టి గాలిలో చిన్న సర్వో గింజుకుని గింజుకుని పళ్లు విరిగి చస్తుంది. ప్లాస్టిక్ పళ్ల సర్వో అయితే ఈ దారి వద్దు. రెండో దారి పొడుగు చెయ్యి ఉన్న బలమైన సర్వో. మూడోది డ్రమ్ము వించ్, మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది, 3 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న డ్రమ్ము మూడు చుట్లు తిరిగితే 28 సెంటీమీటర్ల తాడు. మీ పడవకి నేనైతే ఇదే కొంటాను.

డ్రమ్ముతో ఒకటే గొడవ, తాడు వదులైతే చుట్ల మధ్యలోంచి జారి కిందపడి చిక్కుపడుతుంది, అదీ ఎప్పుడూ చెరువు మధ్యలోనే. డెక్ కింద తాడుని ఒక కప్పీ చుట్టూ తిప్పి, ఎలాస్టిక్‌తో ఎప్పుడూ బిగువుగా ఉండేలా కట్టండి. స్విచ్ వేసేటప్పుడు ముందు చేతిలోని ట్రాన్స్‌మిటర్, తర్వాత పడవ. ఆపేటప్పుడు ముందు పడవ. తిరగేస్తే కొన్ని వించ్‌లు పిచ్చిపట్టినట్టు తిరిగి తాడంతా లాగేస్తాయి. రిసీవర్ యాంటెన్నా నీటి మట్టం కంటే పైన, డెక్ కిందే నిటారుగా ఉండాలి. ఇప్పటి రేడియోలు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్, ఆ తరంగాలు నీళ్లలో నాలుగు అంగుళాలు కూడా సరిగ్గా పోవు.

సముద్రం వద్దు. అల సంగతి అలా ఉంచి, ఒక్క చుక్క ఉప్పునీరు సర్వోలో చేరితే వారంలో తుప్పు. ఎప్పుడైనా ఉప్పునీళ్లలో వదిలారంటే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెట్టండి. మీకు తాళ్లరేవు పక్కనే ఉంది కదా, ఇప్పటికీ చెక్క ఓడలు కట్టే చోటు, ఒకసారి వెళ్లి వాళ్లు చెక్కల సందులు ఎలా పూడుస్తారో చూడండి. పది వీడియోల కన్నా ఆ గంట ఎక్కువ నేర్పుతుంది.

ప్రశ్న: హైదరాబాద్. మా వారు, నేను కలిసి కిట్ పూర్తి చేశాం. చుక్కాని వదిలేస్తే చాలు పడవ ముక్కు గాలి వైపు తిప్పేసుకుని ఆగిపోతోంది, తెరచాపలు పటపటా కొట్టుకుంటున్నాయి. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: పెద్ద తప్పేం కాదండీ, కొంచెం అలా తిరగడం మంచిదే కూడా. గట్టి గాలి ఒక్కసారిగా వచ్చినప్పుడు పడవ తనంతట తాను గాలికి ముఖం తిప్పుకుని కుదుటపడుతుంది. మీది అతిగా తిరుగుతోంది. గాలి తెరచాపలని తోసే చోటు, నీళ్లు కీల్‌ని ఆపే చోటు కంటే బాగా వెనకుంది. గుమ్మం తలుపుని బందు దగ్గర కాకుండా అంచు దగ్గర తోసినట్టు, వెనక భాగం గాలివాటున పోయి ముక్కు గాలి వైపు తిరుగుతుంది. మొదట పెద్ద తెరచాపని కొంచెం వదిలి చూడండి. లొంగకపోతే కొయ్య పైకొనని ఐదు, పది మిల్లీమీటర్లు ముందుకి వంచండి, వెనక తాడు వదిలి ముందు తాడు బిగిస్తే సరి. ఒకసారికి ఒకటే మార్చండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు మారుస్తూ ఒకరు కాగితం మీద రాసుకోండి, లేకపోతే నువ్వు మార్చావంటే నువ్వు మార్చావని సాయంత్రం ఇంట్లో ఇంకో గాలి లేస్తుంది.

జులైలో జాగ్రత్త. హుస్సేన్ సాగర్‌లో నిజం పడవల పోటీలు వానాకాలంలో పెట్టేది అప్పుడు గాలి గట్టిగా ఉంటుందనే. అదే గాలి మీ బొమ్మ పడవకి తుఫాను. పొద్దున్నే వెళ్లండి, లేదా చిన్న సైజు తెరచాపల జత ఇంకోటి కుట్టుకోండి. వన్ మీటర్ పడవల వాళ్లకి మూడు సైజుల జతలు ఉండేది ఇందుకే.

చివరగా కొన్ని పొట్టి ప్రశ్నలు.

*ఎంత వేగం వెళ్తుంది? (అనంతపురం)* మీటరు పడవ గంటకి నాలుగున్నర కిలోమీటర్లు, 65 సెంటీమీటర్లది మూడున్నర పైచిలుకు. పడవ తాను లేపిన అలనే తాను దాటలేదు, పొడవు పెరిగితేనే వేగం. మీరు ఒడ్డున పక్కనే నడుస్తూ నడిపించొచ్చు.

*కట్టే ఓపిక లేదు, రెడీగా దొరికేది చెప్పండి. (నిజామాబాద్)* డ్రాగన్‌ఫోర్స్ 65, ప్లాస్టిక్ పొట్ట, 65 సెంటీమీటర్లు, ఒక సాయంత్రంలో బిగించుకోవచ్చు. కారు వెనక సీట్లో పడుతుంది. విదేశం నుంచి రేడియోతో సహా తెప్పిస్తే వైర్‌లెస్ సామాను కాబట్టి కస్టమ్స్‌లో కాగితాలు అడగొచ్చు, పడవ ఒకటి తెప్పించుకుని రేడియో ఇక్కడే కొనడం సుఖం.

*సీసం ఇంట్లో కరిగించి గుండు పోసుకోవచ్చా? (నెల్లూరు)* వంటింట్లో అస్సలు వద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. అచ్చులో తడి చుక్క ఉన్నా కరిగిన సీసం మొహం మీదికి చిమ్ముతుంది, పొగ సంగతి వేరే. గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు, చేపలవాళ్ల దగ్గర దొరికేవి, ఎపాక్సీలో కలిపి అచ్చులో నింపండి. కొంచెం లావుగా వస్తుంది, అయినా పని జరుగుతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

*మా ఊరి చెరువు నిండా గుర్రపుడెక్క. (భీమవరం)* నిటారు కీల్‌కి చెత్తంతా చుట్టుకుంటుంది. వెనక్కి ఏటవాలుగా ఉండే కీల్ ఉన్న కిట్ చూసుకోండి, నాచు జారిపోతుంది. డెక్క మాత్రం జారదు, దానికి చేపల చెరువాయన్ని మంచి చేసుకుని ఆయన చెరువులో వదలడమే. మేత వేసే టైముకి మాత్రం వెళ్లకండి.